మోదుగుపూల జెండాకు ఆ పేరు ఎవరి వల్ల వచ్చింది

ప్రచార ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తారు. "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటారు. నాకు ప్రమోషన్ ఎప్పుడు వచ్చింది, ఏ మంత్రి నా భుజం తట్టాడు, ఇలాంటివి వింటామనుకుని కాగితం కలం తీస్తారు. అవి నేను చెప్పను. వాటివల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. నేను చేసిన ఒక తప్పు చెప్తాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. సగం మంట ఇతరుల మీద, సగం నా మీద.

బండి, తెర, మైకు

పోలీసు చర్య అయిన రెండో ఏడు నేను కరీంనగర్‌లో ప్రచార సహాయకుడిగా చేరాను. పేరు పెద్దది, పని చిన్నది. సర్కారు వ్యానులో సినిమా మిషను, తెర, మైకు వేసుకుని ఊరూరా తిరగడం. టీకాలు వేయించుకోండి, ఎరువు గుంతలు తవ్వండి, ఓటు వేయండి అని చెప్పడం. మధ్యమధ్యలో రికార్డులు వేయడం. కరపత్రాలు పంచడం. కొన్నాళ్లకు నన్ను గోదావరి అవతలకి, ఆదిలాబాద్ జిల్లాకు మార్చారు. పని అదే, గుంతలు మాత్రం ఎక్కువ.

మేం చెప్పింది జనం నోరు తెరుచుకుని వింటారని పైవాళ్లు అనుకునేవాళ్లు. అంతా భ్రమ. జైనూర్ దగ్గర ఒక గోండు రైతు మా ఎరువు గుంత కరపత్రం నాతో చదివించుకుని, "సారూ, గిది రాసినోడు ఎన్నడన్న పార పట్టిండా?" అని అడిగాడు. వానాకాలంలో నీళ్లు నిలిచే చోట గుంత తవ్వమని రాశారు మరి! ఆ మాట రిపోర్టులో రాస్తే పైనుంచి నాకే సంజాయిషీ కాగితం వచ్చింది. ఈ ఉద్యోగంలో కిందికి మాట మోయడం ఒక్కటే పని అనుకుంటారు. పైకి మోయాల్సిన మాట కూడా ఉంటుందని ఎవరికీ పట్టదు.

ఖాన్ సాబ్ దగ్గర నేర్చుకున్నది

నా మొదటి అధికారిని అందరం ఖాన్ సాబ్ అనేవాళ్లం. నిజాం కాలం నుంచి ఉన్న మనిషి. నేను కూడా ఉర్దూ మీడియంలో చదివినవాణ్నే కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది. ఆయన కోపిష్టి. కాగితం మీద మరక కనిపిస్తే విసిరి కొట్టేవాడు. కానీ ఊళ్లలో ఏదైనా సంగతి విని రాసుకునేటప్పుడు ఒకే ఒక్క నియమం పెట్టాడు.

"లింబాద్రి మియా, పహలే నామ్ లిఖో, ఫిర్ బాత్. ముందు పేరు రాయి. ఎవ్వలు చెప్పిండ్రు, ఏ ఊరు, ఎవ్వల బిడ్డ. గదయినంక మాట రాయి."

పేరు లేకుండా రాసుకొస్తే మళ్లీ అదే ఊరికి పంపేవాడు. ఒకసారి జ్వరంతో ఉన్నా పంపాడు. అప్పుడు తిట్టుకున్నాను. ఆయన రిటైరై హైదరాబాద్ వెళ్లిపోయాక గానీ ఆ మాట విలువ నాకు తెలియలేదు. తెలిసేసరికి చేయాల్సిన పాపం చేసేశాను.

ఒక పేరు వెంట

మన జాతీయ జెండాను పుస్తకాలు మువ్వన్నెల జెండా అంటాయి. పట్నంలో తిరంగా అంటారు. కానీ ఆ రోజుల్లో గోదావరికి రెండు వైపులా చాలా ఊళ్లలో జనం దాన్ని మోదుగుపూల జెండా అనేవాళ్లు. నేను మొదటిసారి విన్నది సుల్తానాబాద్‌లో. ఆగస్టు పదిహేనుకు రెండు రోజుల ముందు వడ్ల బస్తాల మీద కూర్చున్న ఒక ముసలావిడ మా వ్యాను చూసి పిలిచింది.

"ఓ బండి సారూ! ఎల్లుండి మోదుగుపూల జెండ ఎక్కిస్తరు గద, సిన్మ గిట్ల ఏస్తవా?"

"ఏం జెండా అవ్వా?"

"గదే, మూడు రంగులది. నీ సర్కారుదే! నీకే తెల్వదా?"

నాకు నవ్వొచ్చింది, ఆసక్తి కూడా పుట్టింది. ఈ పేరు ఎక్కడిది? అప్పటినుంచి ఏ ఊరికి పోయినా అడిగేవాణ్ని. కరీంనగర్‌లో ఒక హెడ్మాస్టరు, పై పట్టీ మోదుగుపువ్వు రంగులో ఉంటుంది కదయ్యా, అందుకే అని తేల్చేశాడు. నేనూ అదే అనుకునేవాణ్నేమో. కానీ బొగ్గుగనుల కాలనీలో ఒక కార్మికుడు వేరే మాట చెప్పాడు.

"మా మామ చెన్నూరు దిక్కు నుంచి తెచ్చిండు సారూ ఆ మాట. ఆడ నిజంగనే పూలతోని చేసిండ్రట జెండ."

పూలతో చేయడమేమిటి! చెన్నూరు వైపు పోయినకొద్దీ చెప్పేవాళ్లకు కథ ఎక్కువ తెలుస్తూ వచ్చింది. చివరికి చెన్నూరు తాలూకాలో అడవి అంచున ఉన్న ఒక పెద్ద ఊళ్లో అందరూ ఒకే ఇల్లు చూపించారు. ఆ ఊరి పేరు రాయను. రాస్తే అక్కడి దొర పేరు రాసినట్టే. ఆయన పేరు ఇప్పటికే చాలా చోట్ల ఉంది, నేను ఇంకో చోట చేర్చదలుచుకోలేదు.

బీబమ్మ ఇంటి ముందు

వాళ్లు చూపించిన ఇల్లు ఖైరున్ బీది. రంగులు అద్దే రంగ్రేజుల ఇల్లు. ఊరంతా ఆమెను బీబమ్మ అంటారు. భర్త ఇస్మాయిల్ అప్పటికే పోయాడు. పక్కిల్లు చాకలి రాజవ్వది. నేను బీబమ్మను అడిగితే రాజవ్వ వచ్చి అరుగు మీద కూర్చుని ముందు తనే మొదలుపెట్టింది. ఆమెకు నోరు పెద్దది, భయం లేదు.

పోలీసు చర్య రోజులు. పటాలం లారీలు చెన్నూరు దాకా వచ్చాయని తెలిసింది. రజాకార్లు పారిపోయారు. బీబమ్మ మరిది ఆ రజాకార్లతో తిరిగినవాడు, వాళ్లతోనే మాయమైపోయాడు. దాంతో ఊళ్లో మగవాళ్లు కర్రలు పట్టుకుని ఈ ఇంటి మీదికి వచ్చారు. ఇస్మాయిల్ అడవిలోకి పరిగెత్తాడు. బీబమ్మ ఇద్దరు ఆడపిల్లలతో రాజవ్వ ఇంట్లో, బట్టలు ఉడకబెట్టే గూన వెనకాల దాక్కుంది.

"మూడొద్దులు దాసిన సారూ," అంది రాజవ్వ. "నాలుగో దినం గా మొగోల్లే నా కాడికి వచ్చిండ్రు. జెండ ఎక్కియ్యాలె, బట్ట కావాలె, రంగు కావాలె అన్నరు. దుకాణాలన్ని బంద్. నేనన్న, బట్టకేమున్నది, నా మొగని ధోతి ఇస్త. రంగేసేటోల్లు ఈ ఊర్లె ఒక్కటే ఇల్లు. గా ఇంటి మీదికే కట్టెలు పట్టుకొని పోతిరి. గిప్పుడు రంగు ఎవ్వలేస్తరు, మీ అవ్వలేస్తదా?"

తలలు వంచుకుని నిలబడ్డారట. అప్పుడు గూన వెనక నుంచి బీబమ్మ లేచి వచ్చి, "ఆ బట్ట ఇటియ్యున్రి" అంది.

హోలీకి ఏరి నీడలో ఎండబెట్టిన మోదుగుపూలు ఆమె దగ్గర ఒక కుండ నిండా ఉన్నాయి. వాటిని నీళ్లలో మరిగించి పటిక వేస్తే పసుపు దిగుతుంది. కాస్త సున్నం తగిలిస్తే కాషాయం. ధోతిని మూడు ముక్కలు చేసి ఒకటి అందులో ముంచింది. ఇంకో ముక్కను ముందు నీలిమందులో ముంచి ఆరబెట్టి, మళ్లీ మోదుగు పసుపులో ముంచితే పచ్చ అయింది. అంటే పై పట్టీలోనూ కింది పట్టీలోనూ ఉన్నది మోదుగుపువ్వే. చక్రం నీలిమందుతోనే గీసింది.

"చక్రానికి ఆకులు ఎన్ని అని అడిగిన," అంది బీబమ్మ నవ్వుతూ. "ఒక్కనికి తెల్వదు. బయట ఎడ్లబండి ఉండె. గా గీర సూసి గీసిన. పన్నెండు ఆకులు."

"భయం కాలేదా బీబమ్మా?"

"ఎందుకు కాదు సారూ? చేతులు వణుకుతనే ఉన్నయ్. గందుకే చక్రం జర వంకర పోయింది."

ఆ జెండా ఎక్కింది. ఇస్మాయిల్ అడవి నుంచి వచ్చాడు. ఆ ఇంటి మీద మళ్లీ ఎవరూ చెయ్యి ఎత్తలేదు. కానీ అసలు సంగతి ఇక్కడే ఉంది, జాగ్రత్తగా వినండి. మోదుగు రంగు నిలవదు. ఎండకీ వానకీ వెలిసిపోతుంది. కాబట్టి ప్రతి ఏడూ ఆగస్టు పదిహేనుకు ముందు ఊరి పెద్దమనుషులు ఆ జెండా మడిచి తెచ్చి, బీబమ్మ గడప ముందు నిలబడి, "రంగేసియ్యి బీబమ్మా" అని అడగాలి. ఊరికే పంపిస్తే కుదరదు. స్వయంగా వచ్చి అడగాలి. ఆమె "ఇయ్యున్రి" అనాలి. ఆ పద్ధతి రాజవ్వ పెట్టింది. వసంతంలో ఊరి ఆడవాళ్లంతా తలా ఒక ఒడి మోదుగుపూలు ఏరుకొచ్చి ఆమె వాకిట్లో పోసేవాళ్లు. సంతకు వచ్చే గోండు ఆడవాళ్లు కూడా బుట్టల్లో తెచ్చేవాళ్లు. ఆ ఊళ్లో ఆ జెండాకు మోదుగుపూల జెండా అని పేరు పడింది. ఆ ఊరి కోడళ్లూ అల్లుళ్లూ, గనుల్లో పనికి పోయిన కుర్రాళ్లూ ఆ పేరును జిల్లాలు దాటించారు. తర్వాత తర్వాత ఏ బడి మీద ఎగిరే జెండానైనా అలాగే పిలిచారు.

నేను వెంటనే ఇంకో ముగ్గురిని విడివిడిగా అడిగాను. అదే మాట. కర్రలు పట్టుకొచ్చిన ఒకతను కూడా సిగ్గుపడుతూనే ఒప్పుకున్నాడు. అన్నీ రాసుకున్నాను, ఖాన్ సాబ్ చెప్పినట్టు పేర్లు ముందు. ఆ మధ్యాహ్నం బీబమ్మ ఇంట్లోనే అన్నం తిన్నాను.

లేచేటప్పుడు బీబమ్మ ఒక్కటే అడిగింది.

"సారూ, గిది సర్కారు బుక్కుల రాస్తవా?"

"తప్పకుండా రాస్తాను."

"నా పేరు రాయి జర. నా పిల్లలను రజాకారోల్ల పిల్లలంటరని నాకు ఫికర్ ఉంటది. నేను ఉన్నన్ని దినాలు అనరు. నేను పోయినంక బుక్కు ఉంటది కద."

ఎర్ర సిరా

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లు అయిందప్పటికి. నా కొత్త అధికారి కోస్తా జిల్లా నుంచి వచ్చినాయన. మాటకు ముందు ఒక అండీ, వెనకాల ఒక అండీ. అందుకు తప్పు పట్టడం లేదు. ఆయన కింద పనిచేసిన మేమంతా ఇక్కడివాళ్లమే, ఆయన ఒక బెత్తెడు వంగమంటే మేం మూర వంగేవాళ్లం. జిల్లా విశేషాలతో ఒక చిన్న పుస్తకం వేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జెండా పేరు గురించి నేను నాలుగు పేజీలు రాసిచ్చాను. నా జీవితంలో అంత బాగా రాసింది మరొకటి లేదు.

వారం తర్వాత పిలిచాడు. గదిలో ఆ ఊరి దొర కూర్చుని చాయ్ తాగుతున్నాడు. రజాకార్లకు కోటలాంటి తన గడిలో భోజనాలు పెట్టించిన మనిషి. పటాలం వస్తుందని తెలిసి ఊరు వదిలి పారిపోయాడు. పది రోజుల తర్వాత తిరిగొచ్చేసరికి ఆయన తల మీద ఖాదీ టోపీ ఉంది. జెండా ఎక్కిన రోజు ఊళ్లోనే లేడు!

నా కాగితాల నిండా ఎర్ర సిరా.

"ఏమిటండీ లింబాద్రి గారూ ఇది? చాకలి ఇల్లు, గూన, కర్రలు! పన్నెండు ఆకుల చక్రమట! మంత్రిగారి చేతిలో పెట్టే పుస్తకమండీ. జాతీయ పతాకం పుట్టుపూర్వోత్తరాలు ఇలాగా రాసేది? దొరగారే స్వయంగా చెప్తున్నారు, ఆ పేరు పెట్టింది వారేనట."

దొర చాయ్ కప్పు కింద పెట్టి, "లింబాద్రీ, పాత గాయాలు కెలుకుడు ఎందుకు? ఊర్లె అందరు కల్సి ఉంటున్నరు" అన్నాడు. ఎంత నెమ్మదిగా అన్నాడో! ఆ ఊరు కలిసి ఉన్నది బీబమ్మ గడప ముందు నిలబడి అడగడం వల్ల. ఈయన వల్ల కాదు.

నా నాలుగు పేజీలు పోయి మూడు వాక్యాలు వచ్చాయి. దొరగారు తమ గడి మీద మొదటిసారి పతాకం ఎగరేశారనీ, అప్పుడు అడవంతా మోదుగుపూలతో ఎర్రబారి ఉందనీ, అది చూసి మురిసిపోయి జెండాకు ఆ పేరు పెట్టారనీ! అయ్యా, పటాలం వచ్చింది భాద్రపదంలో. భాద్రపదంలో మోదుగు ఎక్కడ పూస్తుంది? ఈ దేశంలో పశువులు కాసేవాళ్లకు కూడా తెలిసిన సంగతి ఆ గదిలో కూర్చున్న ముగ్గురిలో ఒక్కడూ నోరు విప్పి అనలేదు. ఆ ముగ్గురిలో నేనూ ఉన్నాను.

"మీ నోటు పుస్తకంలో కూడా కొట్టేయండి. రేపు ఎవరైనా అడిగితే రెండు రకాలుగా ఉండకూడదు" అన్నాడు అధికారి. నా నోటు పుస్తకం తీసి ఆయన ముందే ఖైరున్ బీ పేరు మీద గీత గీశాను. రాజవ్వ పేరు మీద గీశాను. ప్రూఫు కింద సంతకం పెట్టాను. నా ఉద్యోగం అప్పటికి ఖాయం కాలేదు, ఇంట్లో భార్య నిండు నెలలతో ఉంది. ఈ రెండు కారణాలూ నిజమే. వాటిని చూపించి తప్పించుకోవాలని మాత్రం లేదు.

మైకు ముందు

ఆ ఊళ్లో పంచాయతీ భవనం ప్రారంభం పెట్టుకున్నారు. పెద్ద సభ. కొత్త పుస్తకం కూడా అక్కడే విడుదల. బీబమ్మ, రాజవ్వ ముందు వరుసలో కూర్చున్నారు. సర్కారు బుక్కులో పేరు వస్తుందని బీబమ్మ ఊరంతా చెప్పుకుంది. కూతుళ్లను పిలిపించుకుంది. ఉతికిన తెల్ల చీర కట్టుకుంది.

జెండా పేరు గురించి చదవమని అధికారి నాకే కాగితం ఇచ్చాడు. గొంతు బాగుంటుందట నాది! చదివాను. మూడు వాక్యాలు. దొర దండం పెట్టాడు, చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక బీబమ్మ లేచి నిలబడింది. ఆమె మొహంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"సారూ, నా పేరు సదువుడు మర్సిపోయినవ్. కాయితంల కింద ఉంటది, జర సూడు."

నేను మోసం చేశానన్న అనుమానం కూడా ఆమెకు రాలేదు. మర్చిపోయాననుకుంది. సభంతా నా వైపు చూసింది. అధికారి కళ్లెర్రజేశాడు. నేను మైకులో, అవును, మైకులోనే, "కూర్చో అమ్మా, సభ నడుస్తుంది" అన్నాను. డ్రైవరుకు సైగ చేస్తే వాడు రికార్డు వేశాడు. నాదస్వరం!

"ఓ లింబాద్రీ! నీ నోట్ల మన్ను వడ! అన్నం పెట్టిన ఇంటిని గిట్లనే అంటవా?" అని రాజవ్వ అరుస్తూనే ఉంది. నాదస్వరంలో సగం వినిపించింది. బీబమ్మ మాత్రం చాలాసేపు అలాగే నిలబడింది. కూతురు చెయ్యి పట్టి లాగితే కూర్చుంది.

మర్నాడు పోయి క్షమించమని అడగాలనుకున్నాను. మొహం చెల్లలేదు. వ్యాను ఎక్కి వచ్చేశాను.

ఆ ఆగస్టు

నియమం ప్రకారం జెండా ఖాదీదే అయి ఉండాలి. దాన్ని నేను కాదనను. ఆ ఏడు పంచాయతీకి కొత్త ఖాదీ జెండా వచ్చింది. పాతదాన్ని భద్రం చేస్తానని చెప్పి దొర తీసుకుపోయాడు. గడిలో అద్దాల పెట్టెలో పెట్టించాడు, కింద తన పేరుతో ఒక పలక కొట్టించాడు.

ఈ సంగతి బీబమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఎప్పటిలాగే ఆగస్టు రెండో వారంలో పూలు నానబెట్టింది. పొయ్యి మీద గూన ఎక్కించింది. పెద్దమనుషులు వచ్చి అడుగుతారని వాకిలి అలికి కూర్చుంది. పన్నెండో తేదీ పోయింది, పదమూడు పోయింది. పద్నాలుగున రాజవ్వే పోయి కనుక్కుని వచ్చింది. పదిహేను పొద్దున కొత్త జెండా ఎగురుతుంటే బీబమ్మ ఆ రంగునీళ్లు తీసుకెళ్లి కాలువలో పారబోసిందట.

ఒకటి రెండేళ్లు తిరగకముందే పాత మాట మళ్లీ వచ్చింది. ఏదో హద్దు గొడవలో ఒకడు ఆమె చిన్నకూతుర్ని పట్టుకుని రజాకారోల్ల పిల్ల అన్నాడు. జెండాకు రంగేసింది మా అమ్మ అని ఆ పిల్ల అంటే, "ఏ బుక్కుల ఉన్నది సూపియ్యి" అన్నాడట. ఈ మాట నాకు రాజవ్వ చెప్పింది. చెన్నూరు సంతలో నన్ను పట్టుకుని, పదిమందిలో నిలబెట్టి చెప్పింది. నిలబడి విన్నాను.

అప్పుడు గానీ నాకు పౌరుషం రాలేదు. పుస్తకంలో తప్పు ఉంది, సవరించాలి అని అధికారికి కాగితం పెట్టాను. ఆయన నవ్వాడు. "పోనిద్దురూ లింబాద్రి గారూ, ఒక ముసలావిడ పేరు లేకపోతే దేశం ఆగిపోతుందా ఏమిటి?" ఇంకో కాగితం పెట్టాను. మూడోది ఏకంగా పై ఆఫీసుకు పెట్టాను. నన్ను జైనూర్ కొండల మీదికి తోసేశారు. అక్కడ ప్రతి ఊళ్లో సినిమాకు ముందు మైకులో ఖైరున్ బీ కథ చెప్పాను. విన్నవాళ్లు బాగుందన్నారు. ఏం లాభం! చెప్పాల్సిన మైకు ముందు చెప్పలేదు.

కాలనీలో

కొన్నేళ్లకు బీబమ్మ ఊరు వదిలేసి బొగ్గుగనుల కాలనీకి, పెద్దకూతురి దగ్గరికి వచ్చిందని తెలిసింది. ఈసారి పోయాను. క్వార్టరు ముందు మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నన్ను గుర్తుపట్టింది. కూతురు లోపలికి పోయి తలుపు వేసుకుంది.

"బీబమ్మా, నీ పేరు రాసిన. మా ఆఫీసర్ కొట్టేసిండు" అన్నాను.

"ఆయన చేతితోని కొట్టేసిండా?"

"కాదు. ఆయన చెప్పిండు. నేను కొట్టేసిన."

చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఆయనకు నేనెవ్వలో తెల్వదు. నీకు తెల్సు. నీకు అన్నం పెట్టిన. మరి నువ్వెందుకు కొట్టేసినవ్ సారూ?"

ఉద్యోగం ఖాయం కాలేదనీ, భార్య నిండు నెలలతో ఉందనీ చెప్దామని నోరు తెరిచాను. రాజవ్వ ఇంట్లో గూన వెనకాల ఇద్దరు పిల్లలతో మూడు రోజులు దాక్కున్న మనిషికి ఆ మాట ఎలా చెప్పను? ఆమె చేట మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. నేను లేచి వచ్చేశాను. మరుసటి ఏడు ఆమె పోయిందని తెలిసింది.

మొన్న

నేను రిటైరయ్యాను. దొర పోయాడు, అధికారి కూడా పోయాడు. మొన్న ఒక కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. చదువుకున్నవాడు, మర్యాద తెలిసినవాడు. జిల్లా చరిత్ర మీద కొత్త పుస్తకం వేస్తున్నారట. మోదుగుపూల జెండా గురించి ఒక పేజీ ఉంది, చూడమని నా చేతికిచ్చాడు. అవే మూడు వాక్యాలు. గడి, దొర, భాద్రపదంలో పూసిన మోదుగులు! కింద చిన్న అక్షరాల్లో ఆధారం అని రాసి నా పేరు వేశారు. వేరే ఎవరి పేరూ లేదు. దొర చెప్పిన మాట అని కూడా లేదు. ప్రచార సహాయకుడు లింబాద్రి స్వయంగా విచారించి రాసినదట!

వాణ్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పినట్టే. వాడు శ్రద్ధగా విన్నాడు. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి పాపం.

"మార్చేస్తావు కదా నాయనా?"

"రాతలో ఏమన్నా ఆధారం ఉన్నదా సార్? మీ నోటు పుస్తకం?"

"కొట్టేశానని చెప్పాను కదా. తర్వాత పాత ఫైళ్లతో పాటు దాన్నీ తగలబెట్టారు."

"రాజవ్వ ఉన్నదా?"

"లేదు, పోయింది."

వాడు చాలా ఇబ్బందిగా కదిలాడు. "ఏమనుకోకున్రి సార్. మీరు గిప్పుడు చెప్పేది నోటి మాట. అప్పుడు రాసింది సర్కారు రికార్డు. మీ సంతకం కూడా ఉన్నది. మీరు చెప్పిన మాట మీద మీ సంతకాన్ని ఎట్ల కాదంటం?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి మీద కాదు. "ఆ సంతకం పెట్టినవాడు అబద్ధాలకోరు అని రాసుకో. ఖైరున్ బీ పేరు నేను కావాలనే కొట్టేశానని రాసుకో. కింద మళ్లీ సంతకం పెడతాను, వేలిముద్ర కూడా వేస్తాను" అని లేచి కలం తీసుకున్నాను.

వాడు సంచిలో కాగితాలన్నీ రెండుసార్లు వెతికాడు. తర్వాత తల దించుకుని నెమ్మదిగా అన్నాడు.

"గట్ల రాసేటందుకు ఫారం లేదు సార్."